వై-ఫై డ్రైవర్ క్యూలో ప్యాకెట్ ఎంతసేపు ఆగుతోంది? లినక్స్‌లో సరిగ్గా కొలిచే పద్ధతి

"ఇంట్లో ఎవరైనా ఫొటోలు అప్‌లోడ్ చేస్తే చాలు, నా వీడియో కాల్ ఆగిపోతోంది. పింగ్ చూస్తే 300 మిల్లీసెకన్లు. డ్రైవర్‌దే తప్పా?" ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. ఆ ఒక్క అంకె చూసి డ్రైవర్‌ను తప్పుపట్టలేం. ఊరికి చేరడానికి పట్టిన టైమంతా బస్టాండులో నిలబడ్డ టైమే అని లెక్కవేసినట్టు ఉంటుంది. ప్యాకెట్ కనీసం నాలుగు చోట్ల ఆగుతుంది. ఏ చోట ఎంతసేపు ఆగిందో విడదీసి చూపించగలిగితేనే కొలిచినట్టు.

ఇక్కడ చెప్పేది లినక్స్‌లో మాక్80211 (కెర్నల్‌లో వై-ఫై పనులు చూసే పొర) మీద నడిచే డ్రైవర్ల గురించి. ఏటీహెచ్9కే, ఏటీహెచ్10కే, ఎంటీ76, ఐడబ్ల్యూఎల్‌వైఫై ఈ కోవలోవే. రాస్ప్‌బెర్రీ పై బోర్డులోని వై-ఫైని నడిపే బీఆర్‌సీఎంఎఫ్‌మాక్ ఈ కోవలోకి రాదు. దాని సంగతి మధ్యలో చెబుతాను. కమాండ్లు, ఫంక్షన్ల పేర్లు పలికినట్టే రాశాను. టైప్ చేసేటప్పుడు మామూలు స్పెల్లింగ్ వాడాలి, ఫంక్షన్లు, ఫైళ్లు, ట్రేస్‌పాయింట్ల పేర్లలో విడివిడిగా కనిపించే మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టాలి.

1. ఎక్కడ నుంచి ఎక్కడి దాకా కొలుస్తున్నారో ముందే రాసుకోండి

బయటికి వెళ్లే ప్యాకెట్ దారి ఇది: అప్లికేషన్, సాకెట్ బఫర్, క్యూడిస్క్ (ఇంటర్‌ఫేస్‌కు ముందు కెర్నల్ పెట్టే క్యూ), మాక్80211 లోపలి క్యూ, డ్రైవర్ రింగ్ (హార్డ్‌వేర్‌కు అప్పగించే ప్యాకెట్ల వరస), ఫర్మ్‌వేర్ (వై-ఫై చిప్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్), ఆపైన గాలి. గాలిలోకి వెళ్లాక అవతలి వైపు అందిందో లేదో తెలిపే స్టేటస్ వెనక్కి వస్తుంది.

ఈ దారిలో నాలుగు గుర్తులు పెట్టుకుందాం.

- క: ప్యాకెట్ నెట్‌వర్క్ డివైస్ పొరలోకి వచ్చిన క్షణం. ట్రేస్‌పాయింట్ (కెర్నల్‌లో ముందే ఉంచిన కొలత చోటు) పేరు నెట్ డెవ్ క్యూ.
- ఖ: క్యూడిస్క్ దాటి డ్రైవర్ వైపు వెళ్లిన క్షణం. ట్రేస్‌పాయింట్ నెట్ డెవ్ స్టార్ట్ ఎక్స్‌మిట్.
- గ: మాక్80211 క్యూ నుంచి డ్రైవర్ ప్యాకెట్‌ను లాక్కున్న క్షణం. ఫంక్షన్ ఐఈఈఈ80211 టీఎక్స్ డీక్యూ.
- ఘ: ఆ ప్యాకెట్ పని అయిపోయిందని డ్రైవర్ పైకి చెప్పిన క్షణం, అంటే టీఎక్స్ స్టేటస్.

క–ఖ అంటే క్యూడిస్క్‌లో ఆగిన సమయం. ఖ–గ అంటే మాక్80211 క్యూలో ఆగిన సమయం. గ–ఘ మాత్రం కలగాపులగం. డ్రైవర్ రింగ్, ఫర్మ్‌వేర్ క్యూ, చానల్ ఖాళీ కోసం ఎదురుచూపు, గాలిలో ప్రయాణం, మళ్లీ మళ్లీ పంపడాలు, స్టేటస్ వెనక్కి రావడానికి పట్టిన సమయం అన్నీ అందులోనే ఉంటాయి. అందుకే గ–ఘ అంకెను "డ్రైవర్ ఆలస్యం" అని రిపోర్టులో రాయకండి, "డీక్యూ నుంచి స్టేటస్ దాకా" అని రాయండి. చదివేవాళ్లకు ఏం కొలిచారో అప్పుడే అర్థమవుతుంది.

నాలుగు గుర్తులూ ఒకే మెషీన్‌లో, ఒకే గడియారం మీద ఉన్నాయి. ఈ పద్ధతిలో పెద్ద సౌకర్యం ఇదే. రెండు మెషీన్ల గడియారాలు కలపాలన్న టెన్షన్ ఉండదు.

2. ఏ వైపు కొలవాలి?

చాలామంది ఇక్కడే పొరబడతారు. క్యూ ఎప్పుడూ ఇరుకు దారికి ముందు పేరుకుంటుంది. ల్యాప్‌టాప్ నుంచి అప్‌లోడ్ చేస్తుంటే క్యూ ల్యాప్‌టాప్ వై-ఫై డ్రైవర్‌లో ఉంటుంది. డౌన్‌లోడ్ చేస్తుంటే రూటర్‌లోని వై-ఫై డ్రైవర్‌లో ఉంటుంది. డౌన్‌లోడ్ నడిపిస్తూ ల్యాప్‌టాప్‌లో ట్రేస్ పెడితే అన్నీ మైక్రోసెకన్లే కనిపిస్తాయి. "నా డ్రైవర్‌లో సమస్యే లేదు" అన్న తప్పుడు ధైర్యం వస్తుంది.

మూడో అవకాశం కూడా ఉంది. ఇంటర్నెట్ లైన్ 50 మెగాబిట్లు, వై-ఫై 300 మెగాబిట్లు అయితే క్యూ వై-ఫైలో పేరుకోదు, లైన్ ముందున్న మోడెమ్ దగ్గర పేరుకుంటుంది. కాబట్టి టెస్ట్ సర్వర్ ఇంటర్నెట్‌లో ఉండకూడదు. రూటర్‌కు గిగాబిట్ కేబుల్‌తో కలిపిన మరో కంప్యూటర్‌లో ఉండాలి. రూటర్ మీదే ఐపెర్ఫ్3 (వేగం కొలిచే సాధనం) సర్వర్ నడపడం కూడా వద్దు. చిన్న రూటర్ల సీపీయూ ఆ భారానికే ఆయాసపడుతుంది, మీరు కొలిచేది క్యూ కాకుండా సీపీయూ అవుతుంది.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల కోసం చేసిన లినక్స్) ఎక్కించిన రూటర్ అయితే డౌన్‌లోడ్ వైపు కూడా కొలవచ్చు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన, లోపలికి లాగిన్ కానివ్వని రూటర్ అయితే ఆ వైపు మీకు పింగ్, మానిటర్ మోడ్ (గాలిలోని ప్యాకెట్లను వినే పద్ధతి) మాత్రమే దిక్కు.

3. కొలత మొదలుపెట్టే ముందు చెక్‌లిస్ట్

- కెర్నల్ వెర్షన్, డ్రైవర్ పేరు, ఫర్మ్‌వేర్ వెర్షన్ రాసుకున్నారా? ఈథ్‌టూల్‌ను మైనస్ ఐ ఆప్షన్‌తో నడిపితే చివరి రెండూ వస్తాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో మాక్80211 విడి ప్యాకేజీగా వస్తుంది కాబట్టి కెర్నల్ వెర్షన్ ఒక్కటే చాలదు, ఆ ప్యాకేజీ వెర్షన్ కూడా కావాలి.
- పవర్ సేవ్ ఆపారా? ఐడబ్ల్యూ కమాండ్‌తో ఇంటర్‌ఫేస్ మీద పవర్ సేవ్ (మధ్యలో అండర్‌స్కోర్) ఆఫ్ అని పెట్టాలి.
- బ్యాక్‌గ్రౌండ్ స్కాన్ ఆపారా? నెట్‌వర్క్‌మేనేజర్‌లో కనెక్షన్‌ను ఒకే బీఎస్‌ఎస్‌ఐడీకి (రూటర్ రేడియో అడ్రస్‌కు) కట్టేస్తే స్కాన్‌లు ఆగుతాయి.
- రూటర్‌లో చానల్, చానల్ వెడల్పు ఆటోలో కాకుండా స్థిరంగా పెట్టారా?
- ల్యాప్‌టాప్, రూటర్ కదలకుండా ఉన్నాయా? మధ్యలో మనుషులు తిరిగినా రేటు మారుతుంది.
- సీపీయూ గవర్నర్ (సీపీయూ వేగాన్ని నిర్ణయించేది) పెర్ఫార్మెన్స్‌లో ఉందా?
- డీబగ్‌ఎఫ్‌ఎస్ (కెర్నల్ లోపలి వివరాలను ఫైళ్లుగా చూపేది) మౌంట్ అయిందా? సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అందులోని ఫైళ్లను కెర్నల్ తెరవనివ్వకపోవచ్చు.
- జీఎస్‌ఓ, టీఎస్‌ఓ (చాలా ప్యాకెట్లను ఒకే ముద్దగా కిందికి పంపే ఏర్పాట్లు) రెండూ ఆపారా? ఎందుకో ఆరో అంచెలో తెలుస్తుంది.

పవర్ సేవ్ గురించి ఒక మాట. బీకన్‌ల మధ్య మామూలు వ్యవధి 102.4 మిల్లీసెకన్లు. ల్యాప్‌టాప్ నిద్రపోతుంటే దానికి వచ్చే ప్యాకెట్లు తర్వాతి బీకన్ దాకా రూటర్‌లో ఆగుతాయి. లోడ్ లేనప్పుడు పింగ్ ఒకసారి 3, ఒకసారి 90, మళ్లీ 40 అంటూ గెంతుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. లోడ్ పెట్టగానే ఆలస్యం తగ్గిందంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలాంటి చోట 2.4 గిగాహెర్ట్జ్‌లో కొలవక తప్పకపోతే చుట్టుపక్కల వాడకం తగ్గాక కొలవండి. పక్కింటివాళ్ల సినిమా మీ గ–ఘ అంకెలో కలుస్తుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్లకు 5 గిగాహెర్ట్జ్ చాలా నయం.

4. పింగ్‌తో రూపురేఖలు చూడండి, తీర్పు మాత్రం చెప్పకండి

1. లోడ్ లేకుండా కేబుల్ సర్వర్‌కు సెకనుకు ఐదు చొప్పున ఒక నిమిషం పింగ్ చేయండి.
2. పింగ్ నడుస్తుండగానే ఐపెర్ఫ్3తో ఒక నిమిషం టీసీపీ అప్‌లోడ్ పెట్టండి.
3. అప్‌లోడ్ ఆగాక మరో అరనిమిషం పింగ్ కొనసాగించండి.
4. మూడు భాగాల మధ్యమ విలువలు, 95వ శాతం విలువలు (నూటికి 95 కొలతలు వీటికి లోపే ఉంటాయి) విడివిడిగా తీయండి.

ఫ్లెంట్ అనే సాధనం ఈ పనంతా ఒకే కమాండ్‌తో చేసి గ్రాఫ్ గీస్తుంది. టీసీపీ అప్‌లోడ్ టెస్టుతో మొదలుపెట్టండి. అందులోని ఆర్ఆర్‌యూఎల్ టెస్టు రెండు వైపులా ఒకేసారి లోడ్ పెడుతుంది కాబట్టి ఏ క్యూ ఎక్కడిదో విడదీయడం కష్టం. అది ఆఖర్న చేయాల్సిన పని.

పింగ్ ఎందుకు మోసం చేస్తుందో కాస్త వివరంగా చూడాలి. మాక్80211 లోపలి క్యూ ఎఫ్‌క్యూ-కోడెల్ పద్ధతిలో నడుస్తుంది. ఒక్కో ఫ్లోకు (ఒక కనెక్షన్ ప్యాకెట్ల వరసకు) ఒక్కో చిన్న క్యూ ఉంటుంది. అప్పుడప్పుడు ఒక ప్యాకెట్ పంపే ఫ్లోను ముందుకు పంపిస్తారు. పింగ్ సరిగ్గా అలాంటి ఫ్లో. భారీ అప్‌లోడ్ ప్యాకెట్లు 40 మిల్లీసెకన్లు నిలబడి ఉన్నా, పింగ్ పక్కనుంచి దూసుకెళ్లి 8 మిల్లీసెకన్లు అని చెబుతుంది. రెండూ నిజమే, కానీ రెండూ వేరు. పింగ్ తక్కువగా ఉందని క్యూ ఖాళీగా ఉందనుకోవద్దు.

అప్‌లోడ్ ఫ్లో అనుభవిస్తున్న ఆలస్యం కావాలంటే ఎస్‌ఎస్ కమాండ్‌తో ఆ టీసీపీ కనెక్షన్ లోపలి వివరాలు చూడండి. అందులో ఆర్‌టీటీ (వెళ్లి తిరిగొచ్చే సమయం) అని ఉన్నది ఆ ఫ్లో స్వయంగా కొలుచుకున్నది. సెకనుకు కొన్నిసార్లు దాన్ని ఫైల్‌లోకి రాసుకుంటే పింగ్ గ్రాఫ్ పక్కన పెట్టి పోల్చవచ్చు. రెండిటి మధ్య పెద్ద ఎడం ఉంటే ఫ్లోలను విడదీసే క్యూ పనిచేస్తోందని అర్థం. రెండూ కలిసి పెరుగుతుంటే ప్యాకెట్లన్నీ ఒకే వరసలో నిలబడే చోటు ఎక్కడో ఉంది. అది పాతరకం క్యూడిస్క్ కావచ్చు, ఫర్మ్‌వేర్ కావచ్చు.

5. క్యూ ఏ పొరలో ఉందో కనిపెట్టండి

ముందు టీసీ కమాండ్‌తో వై-ఫై ఇంటర్‌ఫేస్ క్యూడిస్క్ గణాంకాలు చూడండి. "నోక్యూ" అని వస్తే ప్యాకెట్లు క్యూడిస్క్‌లో ఆగడం లేదు, నేరుగా మాక్80211 లోపలి క్యూలోకి వెళుతున్నాయి. కెర్నల్ 6.2 నుంచి మాక్80211 డ్రైవర్లన్నీ ఈ దారికే వచ్చాయి. అంతకుముందు కొన్ని డ్రైవర్లు మాత్రమే ఇలా ఉండేవి. "ఎంక్యూ", దాని కింద ఎఫ్‌క్యూ-కోడెల్ లేదా పీఫిఫో (వచ్చిన వరసలోనే పంపే మామూలు క్యూ) కనిపిస్తే క్యూ పై పొరలో ఉంది, మీకు క–ఖ ముఖ్యం.

నోక్యూ వచ్చినవాళ్లు డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ఐఈఈఈ80211 ఫోల్డర్ తెరవండి. అందులో ఫై0, దాని లోపల నెట్‌డెవ్ పేరు, దాని లోపల స్టేషన్స్, ఆపైన అవతలి పరికరం మాక్ అడ్రస్. అక్కడ రెండు ఫైళ్లు కావాలి.

ఏక్యూఎం ఫైల్‌లో ఒక్కో టీఐడీకి (ట్రాఫిక్ రకం సంఖ్యకు) ఒక్కో వరస ఉంటుంది. బ్యాక్‌లాగ్ (క్యూలో ఆగి ఉన్న) బైట్లు, బ్యాక్‌లాగ్ ప్యాకెట్లు, డ్రాప్‌లు, మార్కులు, ఓవర్‌లిమిట్ కనిపిస్తాయి. మామూలు ట్రాఫిక్ సాధారణంగా టీఐడీ 0లో ఉంటుంది. ఏక్యూఎల్ ఫైల్‌లో ఒక్కో యాక్సెస్ కేటగిరీకి (వాయిస్, వీడియో, బెస్ట్ ఎఫర్ట్ లాంటి ప్రాధాన్య తరగతికి) డ్రైవర్ చేతిలో ఎన్ని మైక్రోసెకన్ల గాలిసమయం విలువైన ప్యాకెట్లు ఉన్నాయో కెర్నల్ అంచనా ఉంటుంది. పక్కనే హద్దులు ఉంటాయి. కెర్నల్ 5.5తో వచ్చిన ఈ ఏర్పాటులో డిఫాల్ట్ హద్దులు 5,000, 12,000 మైక్రోసెకన్లు.

బ్యాక్‌లాగ్ నుంచి ఆలస్యాన్ని అంచనా వేయడం తేలిక. క్యూలో ఉన్న బిట్లను వేగంతో భాగించాలి. బ్యాక్‌లాగ్ 3,00,000 బైట్లు అనుకోండి. అంటే 24 లక్షల బిట్లు. ఐపెర్ఫ్3 చూపిస్తున్న వేగం 40 మెగాబిట్లు. భాగిస్తే 60 మిల్లీసెకన్లు. ట్రేసింగ్ ఏమీ లేకుండా అర్థం ఉన్న అంకె వచ్చింది.

ఈ లెక్కకు సెకనుకు పదిసార్లు ఆ ఫైల్ చదివే చిన్న షెల్ లూప్ చాలు. మరీ వేగంగా చదివితే చిన్న రూటర్ మీద అదే భారం అవుతుంది. ఇది సగటు అంచనా మాత్రమే, ఒక్కో ప్యాకెట్ పడిన పాట్లు ఇందులో కనిపించవు. బీపీఎఫ్ (నడుస్తున్న కెర్నల్‌లోకి చిన్న ప్రోగ్రాములు ఎక్కించే ఏర్పాటు) లేని రూటర్లలో మాత్రం దీన్ని మించిన దారి లేదు. చాలామందికి ఈ అంచెతోనే పని అయిపోతుంది, కింది అంచె దాకా వెళ్లనక్కర్లేదు.

పాతరకం క్యూ ఎంత ఘోరంగా ఉండగలదో ఇదే లెక్కతో చూడండి. 1,000 ప్యాకెట్లు పట్టే పీఫిఫో, ఒక్కోటి 1,500 బైట్లు. మొత్తం 1.2 కోట్ల బిట్లు. 100 మెగాబిట్ల వేగంలో అది 120 మిల్లీసెకన్లు. గోడల అవతల ఉండి వేగం 6 మెగాబిట్లకు పడిపోయిందంటే అదే క్యూ 2 సెకన్లు.

6. ఒక్కో ప్యాకెట్‌ను వెంబడించే ట్రేస్

ఇది ల్యాప్‌టాప్ వైపు చేసే పని. బీపీఎఫ్‌ట్రేస్ ఇన్‌స్టాల్ చేసుకోండి. ముందుగా ట్రేసింగ్ ఫోల్డర్‌లోని అవైలబుల్ ఫిల్టర్ ఫంక్షన్స్ ఫైల్‌లో పైన చెప్పిన ఫంక్షన్ పేర్లు మీ కెర్నల్‌లో ఉన్నాయో లేదో వెతకండి. స్టేటస్ ఫంక్షన్ల పేర్లు వెర్షన్‌ను బట్టి మారాయి. ఎక్కడో దొరికిన స్క్రిప్ట్‌ను అలాగే అంటిస్తే పనిచేయకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

స్క్రిప్ట్ నడవాల్సిన వరస:

1. నెట్ డెవ్ స్టార్ట్ ఎక్స్‌మిట్ దగ్గర ఇంటర్‌ఫేస్ పేరు మీ వై-ఫైదేనా అని చూడండి. అయితే ఎస్‌కేబీ (కెర్నల్‌లో ప్యాకెట్‌ను పట్టి ఉంచే స్ట్రక్చర్) అడ్రస్ కీగా, ఇప్పటి నానోసెకన్ల సమయాన్ని ఒక మ్యాప్‌లో దాచండి. ఇది ఖ.
2. ఐఈఈఈ80211 టీఎక్స్ డీక్యూ ఫంక్షన్ తిరిగి వచ్చే చోట ప్రోబ్ పెట్టండి. తిరిగిచ్చే విలువే ఎస్‌కేబీ అడ్రస్. అది శూన్యమైతే వదిలేయండి, క్యూ ఖాళీ అని అర్థం.
3. అడ్రస్ మొదటి మ్యాప్‌లో ఉంటే సమయాల తేడా తీసి ఖ–గ హిస్టోగ్రామ్‌లో వేయండి. పాత కీ చెరిపేసి, ఇప్పటి సమయాన్ని రెండో మ్యాప్‌లో రాయండి.
4. టీఎక్స్ స్టేటస్ ఫంక్షన్ దగ్గర రెండో మ్యాప్‌లో వెతికి గ–ఘ తేడా తీయండి, కీ చెరిపేయండి. ఎక్స్‌ట్ అని ముగిసే స్టేటస్ ఫంక్షన్ అయితే ఎస్‌కేబీ నేరుగా రాదు, దానికిచ్చే స్ట్రక్చర్‌లోని ఎస్‌కేబీ ఫీల్డ్ చదవాలి.
5. ఐఈఈఈ80211 ఫ్రీ టీఎక్స్ఎస్‌కేబీ, కేఫ్రీ ఎస్‌కేబీ, కన్స్యూమ్ ఎస్‌కేబీ దగ్గర రెండు మ్యాపుల్లోనూ ఆ కీ ఉంటే చెరిపేయండి.

ఐదో మెట్టును చాలా స్క్రిప్ట్‌లు వదిలేస్తాయి. క్యూలో ఆలస్యం ఎక్కువైతే కోడెల్ కొన్ని ప్యాకెట్లను కావాలనే పారేస్తుంది. పారేసిన ఎస్‌కేబీ అడ్రస్‌ను కెర్నల్ వెంటనే మరో ప్యాకెట్‌కు ఇస్తుంది. పాత సమయం మ్యాప్‌లో మిగిలి ఉండి, ఆ కొత్త ప్యాకెట్ ఖ గుర్తు తగలకుండా వేరే దారిలో వచ్చిందంటే, లేని ఆలస్యం పుట్టుకొస్తుంది. మీ హిస్టోగ్రామ్‌లో అక్కడక్కడా సెకన్లలో ఉన్న విలువలు ఒంటరిగా కనిపిస్తే ముందు ఈ మెట్టు ఉందా అని చూడండి.

మామూలు హిస్టోగ్రామ్ రెండేసి రెట్లు పెరిగే గదులతో వస్తుంది. 16 నుంచి 32 మిల్లీసెకన్ల దాకా అంతా ఒకే గదిలో పడుతుంది. మనకు కావాల్సిన తేడాలు అక్కడే ఉంటాయి కాబట్టి లీనియర్ హిస్టోగ్రామ్ వాడండి. 0 నుంచి 100 మిల్లీసెకన్లకు ఒక్కో మిల్లీసెకను గది సరిపోతుంది.

రెండో మెట్టులోని ప్రోబ్‌కు కే-రెట్‌ప్రోబ్ కన్నా ఎఫ్-ఎగ్జిట్ ప్రోబ్ తేలిక. లోడ్‌లో కొన్ని పిలుపులు జారిపోయే బెడద కూడా దానికి తక్కువ. మీ కెర్నల్‌లో మాడ్యూళ్లకు బీటీఎఫ్ (కెర్నల్ స్ట్రక్చర్ల రూపం చెప్పే) సమాచారం ఉంటే అదే వాడండి.

జీఎస్‌ఓ ఎందుకు ఆపమన్నానంటే, పెద్ద ఎస్‌కేబీ మధ్యలో ముక్కలైతే అడ్రస్‌లు మారిపోతాయి. ఖ దగ్గర చూసినది గ దగ్గర కనిపించదు. ఏ-ఎంఎస్‌డీయూలో కలిసిపోయిన ప్యాకెట్లదీ ఇదే కథ. నాలుగు ప్యాకెట్లు ఒకటిగా కట్టి వెళితే డీక్యూలో మొదటి దాని అడ్రస్ మాత్రమే కనిపిస్తుంది, మిగతా మూడూ చెరిగిపోతాయి. అందుకే ఖ దగ్గర ఎన్ని, గ దగ్గర ఎన్ని, ఘ దగ్గర ఎన్ని జత కుదిరాయో లెక్కపెట్టే మూడు కౌంటర్లు స్క్రిప్ట్‌లో తప్పనిసరిగా ఉంచండి. ఖ దగ్గర లక్ష, గ దగ్గర ముప్పై వేలే అయితే ఆ హిస్టోగ్రామ్ దేని గురించి మాట్లాడుతోందో మీకే తెలియదు.

ఇంకో దారి కూడా ఉంది. మాక్80211 తన క్యూలోకి ఎక్కించేటప్పుడు ఎస్‌కేబీ కంట్రోల్ బ్లాక్‌లో ఎన్‌క్యూ సమయం రాస్తుంది. దాన్ని చదివి సరిచూసుకోవచ్చు, కానీ దాని ప్రమాణం మైక్రోసెకను కాదు, 1,024 నానోసెకన్లు. నానోసెకన్లను పది బిట్లు కుడికి జరిపి దాస్తారు. మామూలు మైక్రోసెకన్లుగా తీసుకుంటే తేడా దాదాపు రెండున్నర శాతం వస్తుంది.

బీఆర్‌సీఎంఎఫ్‌మాక్ లాంటి డ్రైవర్లలో మాక్80211 లేదు కాబట్టి గ గుర్తు ఉండదు. అక్కడ ఖ నుంచి ఎస్‌కేబీని విడుదల చేసిన క్షణం దాకా కొలవాలి. డ్రైవర్ ఎస్‌కేబీని ఫర్మ్‌వేర్‌కు అందించగానే విడుదల చేస్తుందా, పంపడం అయ్యాక చేస్తుందా అన్నదాన్ని బట్టి ఆ అంకె అర్థం మారిపోతుంది. డ్రైవర్ సోర్స్‌లో ఆ చోటు చదవకుండా అంకెను నమ్మకండి.

7. గ–ఘ అంకెను ఎలా చదవాలి

గాలిలోకి ప్యాకెట్లు ఒక్కొక్కటిగా వెళ్లవు, కట్టలుగా వెళతాయి. 802.11ఎన్, ఏసీ తరంలో ఒక కట్టలో 64 దాకా ఉండవచ్చు, ఏఎక్స్‌లో 256 దాకా. ఒక్క ప్రసారం గరిష్ఠంగా 5.484 మిల్లీసెకన్లు.

1,500 బైట్ల ప్యాకెట్లు 64 కడితే 7,68,000 బిట్లు. 300 మెగాబిట్ల రేటులో అది దాదాపు 2.6 మిల్లీసెకన్లు. 65 మెగాబిట్ల రేటులో 11.8 అవుతుంది, హద్దు దాటుతుంది కాబట్టి కట్ట చిన్నదవుతుంది. హార్డ్‌వేర్ ఖాళీగా ఉండకూడదని డ్రైవర్ ఒక కట్ట గాలిలో ఉండగానే ఇంకోటి సిద్ధంగా పెడుతుంది. కాబట్టి ఒకే పరికరం ఉన్న నెట్‌వర్క్‌లో గ–ఘ 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే అందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. దాన్ని సున్నా చేయాలని చూస్తే వేగం పడిపోతుంది.

గ–ఘ 50, 100 దాటుతుంటే మూడు అనుమానాలు. మొదటిది, ఫర్మ్‌వేర్ లోపల లోతైన క్యూ. రెండోది, మళ్లీ మళ్లీ పంపడాలు. ఐడబ్ల్యూ స్టేషన్ డంప్‌లో టీఎక్స్ రీట్రైలు టెస్టుకు ముందు, తర్వాత చూస్తే తెలుస్తుంది. మూడోది, చానల్ రద్దీ. ఐడబ్ల్యూ సర్వే డంప్‌లో యాక్టివ్ సమయం, బిజీ సమయం మిల్లీసెకన్లలో ఉంటాయి. లోడ్ పెట్టకముందే బిజీ సగానికి పైగా ఉంటే ఆ చానల్‌లో కొలవడమే దండగ.

హిస్టోగ్రామ్‌లో విలువలు గుంపులు గుంపులుగా, సమాన ఎడంతో ఉంటే అది క్యూ లక్షణం కాదు. ఫర్మ్‌వేర్ స్టేటస్‌లను పోగేసి ఒకేసారి చెబుతోందని అనుమానించాలి. కొన్ని పరికరాలు ప్రతి ప్యాకెట్‌కు స్టేటస్ ఇవ్వవు కూడా.

8. గాలిలో సరిచూసుకోవడం

కొందరు అదే ల్యాప్‌టాప్‌లో టీసీపీడంప్ పెట్టి, దాని సమయాన్ని "గాలిలోకి వెళ్లిన సమయం"గా తీసుకుంటారు. అది తప్పు. బయటికి వెళ్లే ప్యాకెట్‌ను టీసీపీడంప్ క్యూడిస్క్ దాటగానే, ఖ దగ్గరే పట్టుకుంటుంది. మాక్80211 క్యూలో, ఫర్మ్‌వేర్‌లో ఆగిన సమయం అందులో కనిపించదు.

నిజంగా గాలిలో చూడాలంటే రెండో కంప్యూటర్‌ను మానిటర్ మోడ్‌లో అదే చానల్, అదే వెడల్పులో పెట్టి, పంపే పరికరం దగ్గరగా ఉంచండి. లోపలి డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. గుర్తుపట్టడానికి వేర్వేరు పొడవుల యూడీపీ ప్యాకెట్లు నెమ్మదిగా పంపితే పొడవు చూసి జతపరచవచ్చు. గడియారాలు కలవవు కాబట్టి అసలు ఆలస్యం రాదు. అన్నిటికన్నా తక్కువ తేడాను సున్నాగా పెట్టుకుని, మిగతావి దానికన్నా ఎంత ఎక్కువో చూడాలి. రెండు గడియారాల మధ్య పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా నిమిషానికి 1.2 మిల్లీసెకన్లు జరుగుతుంది. అందుకే ఈ టెస్టు పొట్టిగా ఉండాలి.

9. తరచూ జరిగే మరికొన్ని తప్పులు

యూడీపీతో సామర్థ్యం కన్నా ఎక్కువ పంపి ఆలస్యం కొలవడం. యూడీపీ తగ్గదు, క్యూ హద్దు దాకా నిండుతూనే ఉంటుంది. అప్పుడు మీరు కొలిచేది హద్దునే. లోడ్‌కు టీసీపీ వాడండి.

సాకెట్ బఫర్‌ను కూడా డ్రైవర్ ఖాతాలో వేయడం. అప్లికేషన్ సెండ్ పిలిచిన క్షణం నుంచి కొలిస్తే, టీసీపీ ఇంకా కిందికి వదలని డేటా ఆగిన సమయం కూడా కలుస్తుంది. గుర్తు క తర్వాతదే మన లెక్క.

డీఎస్‌సీపీ మార్కులు (ప్యాకెట్ ప్రాధాన్యం చెప్పే గుర్తులు) పట్టించుకోకపోవడం. మార్కు ఉన్న పింగ్ వాయిస్ లేదా వీడియో కేటగిరీ క్యూలోకి వెళుతుంది, మీ అప్‌లోడ్ బెస్ట్ ఎఫర్ట్‌లో ఉంటుంది. రెండూ వేర్వేరు క్యూలు.

సగటు మాత్రమే చెప్పడం. వీడియో కాల్‌ను పాడుచేసేది సగటు కాదు, తోక. 50, 95, 99వ శాతం విలువలు మూడూ ఇవ్వండి.

ట్రేస్ భారాన్ని మరచిపోవడం. ట్రేస్ లేకుండా ఒకసారి, ట్రేస్‌తో ఒకసారి వేగం చూడండి. కంటికి కనిపించేంత తేడా ఉంటే, మీ కొలత వల్లే ఇరుకు దారి సీపీయూకు మారింది. పది ప్యాకెట్లలో ఒకదాన్నే వెంబడించేలా స్క్రిప్ట్ మార్చండి.

10. అంకె వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

క–ఖ పెద్దదైతే: క్యూడిస్క్ పీఫిఫోనా చూసి ఎఫ్‌క్యూ-కోడెల్‌కు మార్చండి. కొత్త కెర్నల్‌కు వెళ్లగలిగితే అది ఇంకా మంచిది.

ఖ–గ పెద్దదైతే: మాక్80211లో కోడెల్ లక్ష్యం 20 మిల్లీసెకన్లు, వ్యవధి 100 మిల్లీసెకన్లు. టీసీపీ లోడ్‌లో 20 చుట్టూ ఊగిసలాడటం సహజం, దాన్ని బగ్ అని రిపోర్ట్ చేయకండి. చాలా నెమ్మది రేటులో ఉన్న పరికరాలకు ఇంకా ఎక్కువ వదులు ఇచ్చిన కెర్నళ్లూ ఉన్నాయి. ఎంతసేపైనా 100 పైనే ఉండి, ఏక్యూఎం ఫైల్‌లో డ్రాప్‌లు మాత్రం పెరగకపోతే అప్పుడు అనుమానించాలి.

గ–ఘ పెద్దదై, రీట్రైలు, రద్దీ మామూలుగా ఉంటే: ఏక్యూఎల్ హద్దు తగ్గించి చూడండి. ఫై ఫోల్డర్‌లోని ఏక్యూఎల్ టీఎక్స్‌క్యూ లిమిట్ ఫైల్‌లో కేటగిరీ సంఖ్య, కింది హద్దు, పై హద్దు రాయాలి. బెస్ట్ ఎఫర్ట్ సంఖ్య 2. ముందుగా 2 2500 2500 అని, మధ్యలో కామాలు లేకుండా రాసి అదే టెస్టు మళ్లీ నడపండి. ఆలస్యం తగ్గి వేగం దాదాపు అలాగే ఉంటే ఇంకా దించవచ్చు. వేగం పడిపోతే వెనక్కి రండి. హద్దు మార్చినా గ–ఘ కదలకపోతే, ఏక్యూఎల్ ఫైల్‌లో లోతు ఎప్పుడూ సున్నానే చూపిస్తుంటే, ఆ డ్రైవర్ ఈ ఏర్పాటును వాడటం లేదు. అప్పుడు క్యూ ఫర్మ్‌వేర్‌లో ఉంది, దాన్ని తయారుచేసినవాళ్లే కదిలించాలి.

వాళ్లకు పంపే ముందు ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో ఉండాలి:

- కెర్నల్, డ్రైవర్, ఫర్మ్‌వేర్ వెర్షన్లు
- చానల్, వెడల్పు, టెస్టుకు ముందూ తర్వాతా స్టేషన్ డంప్, సర్వే డంప్
- లోడ్ లేని పింగ్, లోడ్‌లో పింగ్, లోడ్ ఫ్లో ఆర్‌టీటీ
- ఏక్యూఎం, ఏక్యూఎల్ ఫైళ్ల నమూనాలు, సమయాలతో సహా
- ఖ–గ, గ–ఘ హిస్టోగ్రామ్‌లు, మూడు కౌంటర్ల విలువలు
- ట్రేస్ ఉన్నప్పుడు, లేనప్పుడు వేగం
- స్క్రిప్ట్, మార్పులేమీ చేయకుండా ఉన్నదున్నట్టు